దుస్తులే వస్తువు: ఫెటిష్ చిత్రాల చరిత్ర, చిత్రకారులు, అశ్లీల చట్టం

వ్యాససంగ్రహం

ఎత్తుమడమల పాదరక్షలు, నడుము బిగించే కార్సెట్లు, తోలు దుస్తులు, బంధనాలు ప్రధాన వస్తువుగా ఇరవయ్యో శతాబ్ది తొలి ఆరేడు దశకాల్లో ఐరోపా, ఉత్తర అమెరికాలలో వెలువడిన ముద్రిత చిత్రాలను నేడు 'వింటేజ్ ఫెటిష్ ఆర్ట్' అని వ్యవహరిస్తున్నారు. జాన్ విల్లీ, ఎరిక్ స్టాంటన్, జీన్ బిల్‌బ్రూ, జో షుస్టర్ వంటి చిత్రకారుల కృషిని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. ఈ చిత్రాల రూపాన్ని నిర్ణయించినది చిత్రకారుల అభిరుచి ఒక్కటే కాదనీ, తపాలా చట్టం, ముందుగా డబ్బు చెల్లించిన పాఠకుడు కూడా అందులో భాగస్వాములేననీ ప్రతిపాదిస్తుంది. జపాన్‌లో ఇతో సెయూ (1882-1961) మొదలైనవారి సంప్రదాయం వేరు. అది ఈ వ్యాస పరిధిలోకి రాదు.

కీలకపదాలు: ఫెటిష్, చిత్రకారుడు, మారుపేరు, అశ్లీలత, తపాలా చట్టం, హిక్లిన్ సూత్రం, పాఠకుడు.

1. ఉపోద్ఘాతం

ముద్దుపళని 'రాధికాసాంత్వనము' నిషేధ చరిత్రను తరగతిలో చెప్పేటప్పుడు విద్యార్థుల నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది: అశ్లీలమని తేల్చేది ఎవరు, ఏ కొలతతో? 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురించడం, వలస ప్రభుత్వం దానిని నిషేధించడం, 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో నిషేధం తొలగడం తెలుగు పరిశోధకులకు కొత్త విషయాలు కావు. కొలత సంగతే మనం అంతగా పట్టించుకోలేదు. 1868లో ఇంగ్లండులో వెలువడిన హిక్లిన్ తీర్పు ఆ కొలతను ఏర్పరిచింది. చెడు ప్రభావాలకు సులభంగా లొంగే మనసులను చెరిపే గుణం రచనకు ఉందా అన్నదే దాని పరీక్ష. అంటే అత్యంత బలహీనుడైన పాఠకుణ్ణి ఊహించుకుని, అతని తరఫున గ్రంథాన్ని తూచడం. ఈ సూత్రం వలస భారతదేశానికి వచ్చింది, అమెరికాకూ వెళ్లింది. అమెరికా దానిని 1957లో రాత్ తీర్పుతో విడిచిపెట్టింది. మన సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో దానినే స్వీకరించి, 2014లో అవీక్ సర్కార్ కేసులో గాని పక్కన పెట్టలేదు.

ఈ తీర్పుల వెంట నడుస్తూ పోతే అమెరికా న్యాయస్థానాల పుటల్లో కొందరు చిత్రకారులు ఎదురవుతారు. శృంగార ప్రబంధానికీ వారి బొమ్మలకూ సాహిత్య బంధుత్వం ఏదీ లేదు. ఉన్న బంధుత్వమంతా చట్టంలోనే ఉంది. ఈ వ్యాసానికి అదే ప్రేరణ.

2. 'ఫెటిష్' అనే మాట

పోర్చుగీసు భాషలో 'ఫెయితీసు' అంటే మంత్రించిన వస్తువు, తాయెత్తు వంటిది. 'చేతితో చేసినది' అనే అర్థమున్న లాటిన్ పదం దీనికి మూలం. పశ్చిమాఫ్రికా తీరంలో వర్తకం చేసిన పోర్చుగీసువారు అక్కడి ప్రజలు పూజించే వస్తువులను ఈ మాటతో పిలిచారు. 1760లో షార్ల్ ద బ్రోస్ ఆ మాట ఆధారంగా మతాల పుట్టుకను గురించి ఒక సిద్ధాంతం చేశాడు. 1867లో మార్క్స్ దానిని సరుకులకు అన్వయించాడు. మనుషుల మధ్య ఉన్న సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనిపించే మాయను వివరించడానికి అతనికి ఈ మాట పనికివచ్చింది. 1887లో ఫ్రెంచి మనోవిజ్ఞానవేత్త ఆల్ఫ్రెడ్ బినే ఒక వస్తువు మీదనో, శరీరంలోని ఒక భాగం మీదనో కేంద్రీకృతమైన కామానికి ఇదే పేరు పెట్టాడు. 1927లో ఫ్రాయిడ్ ఒక ప్రత్యేక వ్యాసం రాశాడు.

ఈ ప్రయాణంలో గమనించదగినది ఒకటి ఉంది. పేరు పెట్టినవారందరూ బయటివారే. ఆఫ్రికన్ తన దైవాన్ని ఫెటిష్ అనలేదు. పాదరక్షల మీద మోజుపడినవాడు కూడా మొదట్లో తనను తాను ఆ పేరుతో పిలుచుకోలేదు. తెలుగులో 'వస్తుకామం', 'వస్త్వారాధన' వంటి మాటలు కల్పించుకోవచ్చు గాని, మొదటిది వైద్యం వైపు, రెండవది మతం వైపు అర్థాన్ని లాగుతాయి. అందుచేత ఇక్కడ 'ఫెటిష్' అన్న మాటనే ఉంచాను.

3. బొమ్మకు ముందు ఉత్తరం

ఈ కళకు తొలి రూపం చిత్రం కాదు, పాఠకుల లేఖ. 1852లో శామ్యూల్ బీటన్ లండన్‌లో స్థాపించిన 'ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మ్యాగజీన్' గృహిణులకు వంట, కుట్టుపని నేర్పే పత్రిక. 1860ల చివర దాని ఉత్తరాల శీర్షికలో కార్సెట్ బిగింపు మీద పెద్ద చర్చ మొదలైంది. బిగింపు వల్ల కలిగే బాధను, ఆనందాన్ని సవివరంగా వర్ణించే లేఖలు వరుసగా వచ్చాయి. వాటిని స్త్రీలే రాశారా, పురుషులు స్త్రీల పేర్లతో రాశారా అన్నది తరవాతి చరిత్రకారులను రెండు వైపులకు చీల్చింది. డేవిడ్ కుంజిల్ ఆ లేఖలను చాలావరకు అనుభవ సాక్ష్యాలుగా స్వీకరించారు. వాలెరీ స్టీల్ వాటిలో ఊహాకల్పన పాలు ఎక్కువన్నారు. సాహిత్య విద్యార్థికి స్టీల్ వాదమే ఎక్కువ ఉపయోగకరం. ఆ లేఖలను సాక్ష్యాలుగా గాక రచనలుగా చదివితే, కథకుడు, సంఘటన, పునరుక్తి అన్నీ వాటిలో కనిపిస్తాయి.

1920, 30 దశకాల్లో 'లండన్ లైఫ్' పత్రిక ఈ లేఖా సంప్రదాయాన్ని కొనసాగించింది. హైహీల్స్, కార్సెట్లు, రబ్బరు కోట్లు దాని పాఠకులకు ప్రియమైన విషయాలు. అదే కాలంలో పారిస్‌లో ఇవా రిషార్, డయానా స్లిప్ వంటి దుకాణాలు ప్రత్యేక దుస్తులను ఫొటోలతో ప్రచారం చేసి తపాలాలో అమ్మేవి. అక్కడి చవక నవలలకు 'కార్లో' అనే సంతకంతో బొమ్మలు వేసిన చిత్రకారుడి అసలు పేరు నేటికీ వెలుగులోకి రాలేదు. ఉత్తరం, తపాలా, మారుపేరు అనే ఈ మూడూ తరవాతి అమెరికన్ చిత్రకళకు వారసత్వంగా వచ్చాయి.

4. జాన్ విల్లీ: పత్రిక నడిపిన చిత్రకారుడు

జాన్ విల్లీ అసలు పేరు జాన్ అలెగ్జాండర్ స్కాట్ కూట్స్. 1902లో సింగపూర్‌లో పుట్టి ఇంగ్లండులో పెరిగాడు. సైన్యంలో కొంతకాలం పనిచేసి ఆస్ట్రేలియాకు వలస వెళ్లాడు. 'లండన్ లైఫ్' పాఠకుల ప్రపంచం అతనికి అక్కడే పరిచయమైంది. పాదరక్షల మీద ఉన్న ఇష్టంతో తానే వాటిని రూపొందించేవాడు. భార్య హాలీ ఫారమ్‌ను నమూనాగా నిలిపి ఫొటోలు తీసేవాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక కెనడాలోని మాంట్రియల్ చేరి, 1946లో 'బిజార్' అనే చిన్న పత్రిక ప్రారంభించాడు. మొదట వెలువడిన సంచిక మీద అంకె రెండు! 1959 వరకు మొత్తం 26 సంచికలు వచ్చాయి. చివరి సంచికలు వచ్చేనాటికి పత్రిక అతని చేతిలో లేదు.

బిజార్‌లో బొమ్మలతో పాటు ఫొటోలు, దుస్తుల నమూనాలు, అన్నిటికంటే మించి పాఠకుల ఉత్తరాలు ఉండేవి. నగ్నత్వం ఉండేది కాదు. ఈ లేమిని సభ్యతగానో పిరికితనంగానో భావించడం సులభం. విల్లీ దానిని చిత్రరచనా సూత్రంగా మార్చుకున్నాడు. శరీరాన్ని చూపకూడదు కనుక మడమ వంపు, చేతిజోడు మడత, నాడాల అల్లిక, పట్టు మీది మెరుపు గీతకు ప్రధాన విషయాలయ్యాయి. అతని కలం గీతలో ఫ్యాషన్ పత్రికల చిత్రకారుడి నైపుణ్యం ఉంది. దుస్తులు శరీరానికి అలంకారంగా గాక, శరీరమే దుస్తులకు ఆధారంగా కనిపిస్తుంది.

అతని ప్రసిద్ధ ధారావాహిక 'స్వీట్ గ్వెండొలిన్'. 1940ల చివర న్యూయార్క్ ప్రచురణకర్త రాబర్ట్ హారిసన్ దానిని 'వింక్' పత్రికలో వేశాడు. అమాయకురాలైన గ్వెండొలిన్, ఆమెను బంధించే సర్ డిస్టిక్ డార్సీ, రక్షించడానికి వచ్చే మహిళా గూఢచారి ఇందులో పాత్రలు. మూకీ సినిమాల కాలపు 'ఆపదలో అబల' కథలకు ఇది వ్యంగ్యానుకరణ. ప్రతినాయకుడు డార్సీ ప్రతి పథకంలోనూ విఫలమయ్యే మీసాల పెద్దమనిషి, చిత్రకారుడు తన పోలికలతోనే గీసుకున్న పాత్ర. తన కోరికను తానే ఎగతాళి చేసుకోగలగడం విల్లీని ఈ రంగంలోని తక్కినవారి నుంచి వేరు చేస్తుందని నా అభిప్రాయం. అయితే ఆ హాస్యం గ్వెండొలిన్‌కు స్వతంత్ర వ్యక్తిత్వాన్ని ఇవ్వలేదు. కథ పొడవునా ఆమె ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూనే ఉంటుంది.

1961లో మెదడులో కణితి బయటపడింది. విల్లీ వ్యాపారం మూసివేసి, తన వద్ద ఉన్న సామగ్రిని నాశనం చేశాడు. 1962లో గెర్న్‌సీ దీవిలో మరణించాడు.

5. క్లా దుకాణం: అడిగినవారికి అడిగిన బొమ్మ

విల్లీ తన పత్రికకు తానే యజమాని. అతని తరవాతి చిత్రకారులు జీతగాళ్లు. ఈ తేడాను గుర్తుంచుకోకుండా స్టాంటన్, బిల్‌బ్రూల బొమ్మలను అంచనా వేయలేము.

ఇర్వింగ్ క్లా (1910-1966), అతని సోదరి పౌలా న్యూయార్క్ పద్నాలుగో వీధిలో సినిమా తారల ఫొటోలు అమ్మేవారు. కొనుగోలుదారుల్లో కొందరు బంధన దృశ్యాల ఫొటోలు ప్రత్యేకంగా అడగడంతో ఆ వ్యాపారంలోకి దిగారు. 1950లలో బెట్టీ పేజ్ ఫొటోలతో వారి కేటలాగులు ప్రసిద్ధమయ్యాయి. క్లా నియమం కఠినమైనది. నగ్నత్వం ఉండకూడదు, స్త్రీపురుషులు ఒకే దృశ్యంలో లైంగికంగా కనిపించకూడదు. చట్టం అంతవరకే చూస్తుందని అతడు నమ్మాడు. నమూనాలను నిలపడం, తాళ్లు కట్టడం, చాలాసార్లు కెమెరా పట్టడం పౌలా పని. పురుష దృష్టి గురించి మాట్లాడేటప్పుడు కెమెరా వెనుక నిలిచిన ఈ స్త్రీని మరచిపోతుంటాం.

ఫొటోలతో పాటు క్లా చిత్రకథలను కూడా అధ్యాయాలుగా తపాలాలో అమ్మేవాడు. కథలోని పరిస్థితి ఎలా ఉండాలో, ఎవరు ఏ దుస్తుల్లో ఉండాలో కొనుగోలుదారులే ఉత్తరాల్లో చెప్పేవారు. చిత్రకారుడు దానిని గీసి ఇచ్చేవాడు. మన ఆస్థాన కవి ప్రభువు కోరిన వర్ణన చేసినట్లే. కాకపోతే ఇక్కడ ప్రభువు ముఖం చిత్రకారుడికి తెలియదు.

ఎరిక్ స్టాంటన్ (1926-1999) 1940ల చివర క్లా వద్ద చేరాడు. న్యూయార్క్‌లోని కార్టూనిస్ట్స్ అండ్ ఇలస్ట్రేటర్స్ స్కూల్‌లో జెర్రీ రాబిన్సన్ వద్ద చదివాడు. అతని చిత్రాల్లో బలం స్త్రీలది. దృఢకాయులైన స్త్రీలు, వారి ముందు కుంచించుకుపోయిన పురుషులు. విల్లీ ప్రపంచానికి ఇది తలకిందులు. అయితే ఈ స్త్రీ బలానికి డబ్బిచ్చినవారు పురుషులే కనుక, దీనిని స్త్రీవిముక్తి చిత్రణగా పొగడబోవడం తొందరపాటు. ఆ పాఠశాలలోనే పరిచయమైన స్టీవ్ డిట్కోతో కలిసి 1958 నుంచి కొన్నేళ్లు స్టాంటన్ మన్‌హాటన్‌లో ఒకే గదిలో పనిచేశాడు. 1962లో స్పైడర్‌మ్యాన్‌కు రూపమిచ్చిన చిత్రకారుడు ఆ డిట్కోయే. ఆ పాత్రలో తన పాలు దాదాపు ఏమీ లేదని స్టాంటన్ తరవాత చెప్పాడు. ఒకే గదిలో రెండు బల్లలు, ఒకే శిక్షణ. ఒకరి బొమ్మలు దేశమంతటా కిరాణా కొట్లలో వేలాడాయి, రెండవవారివి ముద్రవేసిన కవర్లలో రహస్యంగా ప్రయాణించాయి. కళాప్రతిభ ఆధారంగా ఈ విభజనను వివరించడం కష్టం.

జీన్ బిల్‌బ్రూ (1923-1974) లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన ఆఫ్రికన్ అమెరికన్. మొదట బేసిన్ స్ట్రీట్ బాయ్స్ బృందంలో గాయకుడు. న్యూయార్క్ వచ్చాక 'ద స్పిరిట్' సృష్టికర్త విల్ ఐస్నర్ వద్ద సహాయకుడిగా పనిచేశాడు. క్లాకు, ఆపైన లియొనార్డ్ బర్ట్‌మన్ నడిపిన 'ఎగ్జోటిక్' పత్రికకు విరివిగా బొమ్మలు వేశాడు. తన పేరులోని ఇంగ్లీషు అక్షరాలను వెనుక నుంచి రాసి 'ఎనెగ్' అని సంతకం చేసేవాడు. అతని స్త్రీలు అతిశయోక్తి అలంకారానికి బొమ్మకట్టినట్లుంటారు. నడుము లేదనిపించేంత సన్నం, మడమలు నడవలేనంత ఎత్తు. వారు ఎక్కువగా శ్వేతజాతి స్త్రీలు. నల్లజాతి చిత్రకారుడు శ్వేతజాతి స్త్రీని ఇలా గీయడం 1950ల అమెరికాలో ప్రాణాల మీదికి తెచ్చే విషయం. మారుపేరు బిల్‌బ్రూకు చట్టం నుంచే గాక, ఆ సమాజం నుంచి కూడా రక్షణ అయిందని అనుకోవడానికి ఆస్కారముంది.

6. న్యాయస్థానం ముందు

1873 నాటి కామ్‌స్టాక్ చట్టం అశ్లీల సామగ్రిని తపాలాలో పంపడాన్ని నేరం చేసింది. తపాలా మీదనే ఆధారపడిన ఈ కళకు అది నిరంతర భయం. 1954లో న్యూయార్క్‌లో కొందరు కుర్రవాళ్లు చేసిన హత్యల కేసుతో ఆ భయం బహిరంగ వివాదమైంది. నిందితుల్లో ఒకడు 'నైట్స్ ఆఫ్ హారర్' అనే చవక పుస్తకాలు చదివేవాడని, నేరానికి వాటితో సంబంధముందని మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థామ్ వాదించాడు. ఆ పుస్తకాల ధ్వంసానికి ఆదేశించిన న్యూయార్క్ చట్టాన్ని 1957లో కింగ్స్‌లీ బుక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో సమర్థించింది. విచారించవలసినది మనిషి ప్రవర్తనను గాని పుస్తకాన్ని కాదనీ, ఈ పద్ధతి గ్రంథదహనాన్ని తలపిస్తోందనీ ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ విభేదించాడు.

ఆ పుస్తకాల్లో బొమ్మలకు సంతకం లేదు. 2009లో క్రెయిగ్ యో ప్రచురించిన పుస్తకంతో చిత్రకారుడి పేరు లోకానికి తెలిసింది. అతడు జో షుస్టర్ (1914-1992). 1938లో జెర్రీ సీగెల్‌తో కలిసి సూపర్‌మ్యాన్‌ను సృష్టించినవాడు. హక్కులన్నీ 130 డాలర్లకు వదులుకుని, 1947లో కోర్టుకెక్కి, పనికి దూరమైనవాడు. హింసించేవారిలో, హింసకు గురయ్యేవారిలో క్లార్క్ కెంట్, లోయిస్ లేన్‌ల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. సంతకం దాచగలిగాడు గాని చేతివాటం దాచలేకపోయాడు. చిత్రకారుడు జీవితాంతం దాచిన పేరును అతని మరణానంతరం బయటపెట్టవచ్చునా? నేను ఈ వ్యాసంలో ఆ పేరు రాశాను కనుక నా జవాబు తెలిసిపోతూనే ఉంది. ఆ పేరు లేకపోతే, ఇది పేదరికం చేయించిన పని అన్న సంగతి మరుగున పడి, వికృత మనస్తత్వం అన్న ముద్ర ఒక్కటే మిగులుతుంది. అయినా ఈ జవాబుతో నాకు పూర్తి తృప్తి లేదు.

1955లో సెనేటర్ ఎస్టెస్ కీఫావర్ నాయకత్వంలోని బాలనేరాల ఉపసంఘం క్లాను పిలిచింది. అతడు రాజ్యాంగ రక్షణను ఆశ్రయించి ప్రశ్నలకు జవాబివ్వలేదు. బెట్టీ పేజ్‌కు కూడా సమన్లు వెళ్లాయి. ఆమెను బయట కూర్చోబెట్టారు గాని సాక్ష్యం చెప్పనివ్వలేదు. తన చిత్రాల మీద ఇంత చర్చ జరుగుతుండగా మాట్లాడే అవకాశం దక్కనిది ఆమెకే. 1960లలో కేసుల ఒత్తిడితో క్లా నెగెటివ్‌లను కాల్చివేశాడు. పౌలా కొన్నిటిని రహస్యంగా దాచింది. నేడు మనం చూస్తున్న బెట్టీ పేజ్ చిత్రాలలో చాలా భాగం ఆమె దాచినవే.

నగ్నత్వం లేకపోతే చాలు అన్న నమ్మకాన్ని దెబ్బతీసింది 1966 మార్చి 21న వెలువడిన మిష్కిన్ తీర్పు. ఎడ్వర్డ్ మిష్కిన్ న్యూయార్క్ ప్రచురణకర్త, బిల్‌బ్రూ, స్టాంటన్ ఇద్దరూ అతనికి బొమ్మలు వేసినవారే. కేసులో 50 పుస్తకాలున్నాయి. శిక్ష మూడేళ్ల జైలు, 12,000 డాలర్ల జరిమానా. ముద్రాపకుడికి ప్రతికి లావు పుస్తకమైతే 40 సెంట్లు, పలచనిదైతే 15 సెంట్లు ఇచ్చేవాడని, ప్రచురణకర్త పేరుగా ఏదో ఒకటి కల్పించి వేయమనేవాడని తీర్పులో నమోదైంది. బొమ్మలు, ముఖచిత్రాలు ఎలా ఉండాలో మిష్కిన్ ఆదేశించేవాడని చిత్రకారులు సాక్ష్యమిచ్చారు. వారి పని పరిస్థితులకు అధికారిక పత్రంగా మిగిలినది, వారి పనిని నేరంగా తేల్చిన ఈ తీర్పే.

మిష్కిన్ వాదన తెలివైనది. ఈ పుస్తకాలు సామాన్య పాఠకుడిలో కామాన్ని రేపవు, ఏవగింపు కలిగిస్తాయి, కనుక రాత్ తీర్పు ప్రకారం అశ్లీలాలు కావు అన్నాడు. న్యాయమూర్తి బ్రెనన్ దానిని తోసిపుచ్చాడు. ఒక ప్రత్యేక వర్గం కోసం తయారైన రచనను ఆ వర్గం పాఠకుడి స్పందనతోనే కొలవాలన్నాడు. అలంకారశాస్త్రం చదివినవారికి ఇది చిత్రంగా తోస్తుంది. ఏ కావ్యానికి ఎవడు సహృదయుడు అన్న ప్రశ్నను న్యాయస్థానం తనకు తెలియకుండానే చర్చించింది. హిక్లిన్ అందరికంటే బలహీనుణ్ణి, రాత్ సగటు మనిషిని, మిష్కిన్ తీర్పు ఆ రుచి తెలిసినవాణ్ణి పాఠకుడిగా నిలబెట్టాయి. మన నిషిద్ధ గ్రంథాల చరిత్రను ఈ దృష్టితో, అంటే ప్రభుత్వం ఊహించుకున్న పాఠకుడు ఎవరు అన్న కోణంలో, మళ్లీ చదవవలసి ఉంది.

7. మ్యూజియంలోకి, విమర్శలోకి

1969లో బ్రిటిష్ కళాకారుడు ఆలెన్ జోన్స్ ఈ బొమ్మల శైలిని తీసుకుని స్త్రీమూర్తులను కుర్చీగా, బల్లగా, టోపీలు తగిలించే కొయ్యగా మలచాడు. 1973లో లారా మల్వీ 'స్పేర్ రిబ్' పత్రికలో వాటిని విమర్శించారు. ఆ రూపాలు చవక ఫెటిష్ పత్రికల నుంచి వచ్చినవేనని చూపుతూ, ఫ్రాయిడ్ సిద్ధాంతం ఆధారంగా, వాటిలో ఉన్నది స్త్రీ కాదు, పురుషుడి భయమేనని వాదించారు. సినిమాలో దృష్టి గురించి 1975లో ఆమె రాసిన ప్రసిద్ధ వ్యాసానికి బీజాలు ఇక్కడ ఉన్నాయి. 1986లో టేట్ గ్యాలరీలో ఆ కుర్చీ మీద దాడి కూడా జరిగింది. మల్వీ వాదన విల్లీకి బాగా సరిపోతుంది, స్టాంటన్‌కు అంతగా సరిపోదు. కాని మూలచిత్రకారుల సంతకాలు ఎవరికీ పట్టని కాలంలో, జోన్స్ పేరు మాత్రం గ్యాలరీ గోడ మీద ఉన్నదన్న సంగతి ఆ వివాదంలో పెద్దగా చర్చకు రాలేదు.

పురుషరూపాలను గీసిన ఫిన్లండు చిత్రకారుడు తౌకో లాక్సొనెన్ (1920-1991) కథ దీనికి పక్కన నడుస్తుంది. 1957లో అమెరికాలోని 'ఫిజీక్ పిక్టోరియల్' ముఖచిత్రంతో 'టామ్ ఆఫ్ ఫిన్లండ్' అనే మారుపేరు స్థిరపడింది. స్వలింగ ప్రేమ నేరంగా ఉన్న రోజుల్లో తోలు కోట్లు, బూట్లు, యూనిఫారాలే అతని బొమ్మలకు భాష. 2014లో ఫిన్లండు తపాలా శాఖ ఆ బొమ్మలతోనే స్టాంపులు విడుదల చేసింది.

అమెరికాలో గుర్తింపు ప్రచురణకర్తల ద్వారా వచ్చింది. 1974లో బెలియే ప్రెస్ గ్వెండొలిన్‌ను పునర్ముద్రించింది. 1995లో తాషెన్ సంస్థ బిజార్ సంచికలన్నిటినీ తిరిగి ప్రచురించింది. స్టాంటన్ 1980ల నుంచి 'స్టాంటూన్స్' పేరుతో తన చిత్రకథలను తానే ప్రతులు తీయించి, 1999లో చనిపోయేవరకు పాత పద్ధతిలోనే తపాలాలో అమ్మాడు. బిల్‌బ్రూకు ఆ అవకాశం రాలేదు. హెరాయిన్ వ్యసనంతో క్షీణించి 1974లోనే మరణించాడు. అతని ముఖచిత్రాలున్న చవక నవలలను సేకర్తలు నేడు వెతికి కొంటున్నారు. వాటి మూలన సంతకం ఇప్పటికీ వెనుక నుంచే చదవాలి.